మిద్దె గదికి మంచినీళ్ళు

"నీ మొక్కల కోసరమే గదా, నువ్వే సూసి సెలెక్ట్ చేసుకో," అన్నాడు అశ్వత్థనారాయణ. అన్నం కలుపుతూనే ఎడమ చేత్తో రంగుల కాగితాలు వాసవి వైపు తోశాడు. నీళ్ళ ఫిల్టర్ల బొమ్మలున్న కాగితాలు. ఆమె చేతిలో చారు గిన్నె ఉంది. కింద పెట్టి కాగితం అందుకోబోయింది. "ముందు చారు పొయ్యి," అన్నాడు.

పోసింది.

ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆమెను ఒక వస్తువు ఎంచుకోమనడం ఇదే మొదలు. మొగుడిది బట్టల అంగడి. అయినా ఏ పండక్కీ చీర ఎంచుకుంది లేదు. అంగట్లో అమ్ముడుపోక మడత దగ్గర రంగు వెలిసిన చీర ఇంటికొచ్చేది. "కొత్తదే గదా, కట్టుకో" అనేవాడు. మిక్సీ ఆడబిడ్డ ఎంచింది. కొడుకు పేరు అత్త పెట్టింది. అందుకే ఇప్పుడు కాగితాలు చేతికి రాగానే ఆమెకు సంతోషం కలగలేదు. ఎక్కడో ఏదో అప్పుడే తేలిపోయి ఉంటుంది, తనకు వదిలింది మిగిలిన భాగమే అనుకుంది. కాగితాలు తిప్పి చూసింది. రాగి ఉన్నవి, లైటు ఉన్నవి, ఖనిజాలు కలిపేవి, నల్లవి, తెల్లవి. అన్నీ ఉన్నాయి.

"ఏ గోడకు బిగిస్తారు?" అని అడిగింది.

"వంటింట్లో గాక యాడ బిగిస్తారు?" అన్నాడు. మజ్జిగ కోసం చెయ్యి చాచాడు.

తేలిపోయింది అదే.

ఆ ఇల్లు ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ళ వెనక సందులో ఉంది. కింద నాలుగు గదులు. మెట్లెక్కితే మిద్దె మీద ఒకటే గది, దాని పక్కన స్నానాల గది. ఇంట్లో ఆడది బయట చేరితే మూడు రోజులు కూర్చోబెట్టడానికి వాసవి మామ ఆ గది కట్టించాడు. ఇప్పుడు ఎవరి ఇళ్ళలోనూ లేదు ఆ పద్ధతి. వీళ్ళింట్లో ఉంది. అత్త పుల్లమ్మ ఉన్నన్నాళ్ళు ఉంటుంది. ఆ గదికి వేరే కంచం, వేరే చెంబు, వేరే చాప. ఆ మూడు రోజులు వంట పుల్లమ్మది. అన్నం తెచ్చి మెట్ల మీద పెట్టి వెళుతుంది. ఆమె వెళ్ళాక వాసవి దిగివచ్చి తీసుకోవాలి. మిగతా రోజుల్లో కూడా ఆ గదిలోకి ఎవరూ రారు. మొగుడు రాడు. కొడుకు దినేష్ రాడు. కడిగినా తుడిచినా అది ఆ గదే.

పెళ్ళయిన కొత్తలో ఆ గదిలో కూర్చుని ఏడ్చేది. తర్వాత ఏడుపు ఆగింది. నెలలో మిగిలిన రోజుల్లో తెల్లవారకముందే లేచి అందరికీ పోసి, పెట్టి, తోమి, ఉతికి, ఆఖరున అడుగంటిన కూరతో తిని పడుకునేది. ఆ మూడు రోజులు ఎవరో వండింది వేడిగా తినేది. కాళ్ళు చాపుకునేది. ఇంకొకటి కూడా ఉంది. ఆమె మొగుడికి కోపం వస్తే చెయ్యి లేస్తుంది. ఆ మూడు రోజులు లేవదు. ముట్టుకుంటే తలస్నానం చెయ్యాలి కాబట్టి లేవదు. ఇరవై ఏడేళ్ళలో ఆ గదిలో ఉండగా ఆమె మీద ఒక్క దెబ్బ పడలేదు. ఇది ఆమె ఎవరితోనూ అనలేదు. అంటే అందులో ఎంత సిగ్గుచేటు ఉందో తనకే వినిపిస్తుంది.

మొక్కలు అక్కడే మొదలయ్యాయి. ఊరికే కూర్చోలేక ఒక ప్లాస్టిక్ సీసాలో పుదీన కాడ వేసింది. వేర్లు వచ్చాయి. తర్వాత ఫోన్‌లో వీడియోలు చూసి ఇనుప అరలు పెట్టించింది, వాటికి తెల్ల ట్యూబులైట్లు కట్టించింది. పైపులకు రంధ్రాలు కొట్టించి చిన్న మోటరుతో నీళ్ళు తిరిగేలా చేసింది. అందులో లెట్యూస్ పెంచుతుంది. లేత ఆకు. ఇక్కడివాళ్ళు తినరు. గండికోట చూడటానికి వచ్చేవాళ్ళు తింటారు. కోట దగ్గర ఒక రిసార్టులో వంటలు చూసే శరత్ చంద్ర జమ్మలమడుగు నుంచి వస్తూ ఒకసారి ఇంటికే వచ్చి చూశాడు. ఆకు పట్టుకుని వెలుతురుకు పెట్టి చూసి, "కొస మాడని ఆకు కావాలమ్మా. అట్లయితే వారం వారం తీసుకుంటా," అన్నాడు. అప్పటినుంచి అశ్వత్థనారాయణ అంగట్లో వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు: "మా ఇంటి ఆకు గండికోట హోటల్‌కు పోతాందప్పా."

ఆ పంటకు మట్టి ఉండదు. నీళ్ళే మట్టి. ఆమె కలిపే ఎరువు మందు తప్ప ఆ నీళ్ళలో ఇంకేమీ ఉండకూడదు. ప్రొద్దుటూరు బోరు నీళ్ళలో అన్నీ ఉంటాయి. చెంబు కడిగి ఆరబెడితే తెల్లటి చార మిగులుతుంది. ఆ నీళ్ళు రెండు పూటలు తిరిగితే ఆకు కొస బీడీ అంటించినట్టు మాడుతుంది. అందుకని వీధిలో ఆటో మీద వచ్చే క్యాన్ నీళ్ళు కొని నడుం మీద మోసి మిద్దె ఎక్కించేది. ఒకరోజు మంచివి, ఒకరోజు బోరు కలిపినవి. అందుకే ఫిల్టరు అడిగింది. ఏడాది అడిగింది. వీధిలో అందరూ పెట్టించుకున్నాక అశ్వత్థనారాయణ ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి ఉంది. వాసవికి నెల నెలా వచ్చేది పోయిన ఏడు చలికాలంలో ఆగిపోయింది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

చెబుదామనే అనుకుంది. రెండు నెలలు చూసి చెబుదామని ఆగింది. ఆ రెండు నెలల్లో ఒక సాయంత్రం దినేష్ కొలత టేపు పట్టుకుని మిద్దె గది గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రాకుండానే గోడలు కొలవాలని టేపు చివర ఆమె చేతికి ఇచ్చాడు. "మా, నువ్వు రిటైర్ అయ్యేది ఎప్పుడు?" అని నవ్వాడు. "నీకు అయిపోతే ఈ గది సున్నం కొట్టించి పూజ చేయించి నేను తీసుకుంటా. ఆన్‌లైన్‌లో అమ్మే స్టాక్ అంతా ఈడ పెట్టుకోవచ్చు." "మొక్కలు?" అంది. "టెర్రస్ మీద పెట్టుకో మా, మొక్కలు ఎండలో ఉండాల గదా," అన్నాడు. ఆ ఎండలో ఆ ఆకు ఒక పూట ఉండదు. ఆమె టేపు చివర గోడకు ఆనించి పట్టుకుంది. మరుసటి ఉదయం మెట్ల మీది నుంచే, "అత్తా, నేను దూరం," అని బయట చేరినట్టే కేక వేసింది. అప్పటినుంచి నెల తప్పకుండా వేస్తూనే ఉంది.

ఫిల్టర్ల అంగడి జహీర్‌ది. మంచి మాటకారి. వాసవి మొగుడి పక్కన కూర్చోగానే అన్నిటికంటే మెరిసేది చూపించాడు.

"ఇది తీసుకోండమ్మా. రాగి ఉండాది. మోకాళ్ళ నొప్పులకు శానా మంచిది."

"మొక్కలకు మోకాళ్ళు లేవు," అంది వాసవి.

జహీర్ నవ్వాడు. అశ్వత్థనారాయణ నవ్వలేదు.

"రాగి వద్దు. ఖనిజాలు కలిపే గొట్టం వద్దు," అంది. "ఉప్పంతా తీసి మళ్ళా దాంట్లోనే కలిపేది ఎందుకు? ఉప్పు వడకట్టే మెంబ్రేన్ పెద్దది ఉండేది చూపించు. మోటరు గట్టిది ఉండాల. బోరు నీళ్ళు పక్కనుంచి కలిపే స్క్రూ ఉంటాదే, అది అసలే వద్దు."

"అయ్యో, ఆ స్క్రూ లేకుంటే రుచి ఉండదమ్మా. నీళ్ళు సప్పగా ఉంటాయి. మన ఊరోళ్ళు ఆ నీళ్ళు ఒక్క దినం తాగి నాకు ఫోన్ చేసి తిడతారు. 'ఏంది జహీర్, వాన నీళ్ళు పోసినావా' అని."

"నాకు కావాల్సింది వాన నీళ్ళే."

జహీర్ ఒక మూల నుంచి బోసి మిషన్ తీశాడు. మూత లేదు, బొమ్మ లేదు. తెల్ల గొట్టాలు, ఒక మోటరు, కింద ఒక ట్యాంకు. "హాస్టళ్ళకు ఇస్తాం ఇట్లాంటివి. చూసేకి బాగుండదు," అన్నాడు. వాసవి గొట్టం మీద అక్షరాలు చదివింది. నీళ్ళు ఎన్ని వస్తాయి, ఎన్ని వృథాగా పోతాయి, మెంబ్రేన్ ఎన్నాళ్ళకు మార్చాలి అని అడిగింది. అడుగుతున్నంతసేపూ జహీర్ జవాబులు అశ్వత్థనారాయణ మొహం చూసి చెప్పాడు.

"ఇదే," అంది చివరికి.

"రుచి లేకుంటే మాయమ్మ తాగదు," అన్నాడు మొగుడు.

"మిద్దె మీద బిగిస్తే అత్త తాగే పనే లేదు గదా. అత్తకు కింద క్యాను ఎట్లాగూ వస్తాంది."

అశ్వత్థనారాయణ జహీర్‌కు డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. చవకది కాబట్టి బోసి మిషన్‌కే ఒప్పుకున్నాడు. స్కూటర్ మీద, సందు మలుపులో, ముందుకు చూస్తూనే అన్నాడు: "అంటు గదిలో మంచినీళ్ళ మిషనా? బుద్ధుండే మాట్లాడ్తాండావా? నలుగురు ఇంటే నవ్వుతారు. నెలంతా వంటింట్లో పట్టుకో, ఎవురొద్దన్నారు? ఆ మూడు దినాలు నోరు మూసుకొని కూర్చో."

మిషన్ ఆమె ఎంచింది. గోడ ఎంచలేదు. గోడ అడిగినందుకు తిట్టు.

పులివెందులలో నాజియా అని ఒకామె ఉంది. మొగుడు కువైట్‌లో. పడకగదిలో సగం మంచానికి, సగం లెట్యూస్‌కు ఇచ్చింది. విత్తనాలు, మందు పొడి వాసవికి బస్సులో పంపేది ఆమే. ఇద్దరూ ఒకరినొకరు చూసింది రెండుసార్లే. ఆగిపోయిన సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే.

"మిషన్ కరెక్ట్ తీసుకున్నావక్కా, గోడే తప్పు," అంది నాజియా ఫోన్‌లో.

"ఏం చేయమంటావు?"

"చెప్పెయ్. ఆగిపోయిందని చెప్పెయ్. నెలంతా నీళ్ళు పట్టుకుంటావు."

"చెప్తే గది పోతాది."

"చెప్పకుంటే ఆకు పోతాది." నాజియా నవ్వింది. "మాకైతే అక్కా, ఆ దినాల్లో నమాజ్ ఉండదు, వంట ఉంటాది. నీదే నయం. కాలు జాపుకొని కూర్చుంటావు. కాకపోతే నీకు నీళ్ళు లేవు. నాకు నీళ్ళు ఉండాయి, కూర్చునే వీలు లేదు. మన ఇద్దర్నీ కలిపి కుడితే ఒక ఆడది సరిగ్గా బతుకుతాది."

వాసవి కూడా నవ్వింది. నవ్వాక ఫోన్ పెట్టేసి గిన్నెలు తోముకుంది.

మిషన్ వచ్చింది. వంటింట్లో పొయ్యి పక్క గోడకు బిగించారు. పుల్లమ్మ దానికి పసుపు రాసి కుంకుమ పెట్టింది, గొట్టానికి మల్లెదండ చుట్టింది. మొదటి గ్లాసు దేవుడి ముందు పెట్టింది. రెండోది తాను తాగి మొహం చిట్లించింది. "గుడ్డ పిండిన నీళ్ళు మాదిరి ఉండాయి," అంది. "అలవాటైతాదిలే మా," అన్నాడు అశ్వత్థనారాయణ. ఆ రోజే క్యాన్ ఆటో అతన్ని ఇక రావద్దన్నాడు. వాసవి మిద్దె మీదికి ఒక్క క్యాను వేయించుకుంటానంది. "ఇంట్లో మిషన్ పెట్టుకొని క్యాను కొంటారా ఎవురన్నా?" అన్నాడు. పెద్ద డ్రమ్ము పైన పెట్టుకుంటానంది. "మిద్దె పగుల్తాది," అన్నాడు.

మిషన్ వల్ల ఆమెకు పని తగ్గలేదు, పెరిగింది. మంచినీళ్ళు సన్నగా వస్తాయి. వృథా నీళ్ళు వాటికి రెండింతలు వస్తాయి. వృథా నీళ్ళ బకెట్టు నిండి పొర్లకుండా చూడాలి, మోసుకెళ్ళి గిన్నెల దగ్గర పొయ్యాలి. పొర్లితే, "నీ మిషనే గదా, చూసుకోలేవా?" అని దినేష్ అంటాడు. అందరూ తాగే నీళ్ళే అయినా, పొర్లినప్పుడు అది ఆమె మిషన్. వీధిలో చెప్పుకునేటప్పుడు అది అశ్వత్థనారాయణ మిషన్.

ఆ నెల మూడు రోజులు వచ్చాయి. తానే తెచ్చుకున్న మూడు రోజులు. ముందు రోజు చేతికి దొరికిన బకెట్లన్నీ నింపి పైకి మోసింది. ఎండాకాలం. పైన గది రేకు పొయ్యిలా ఉంది. ఆకు కోతకు వచ్చింది. ఆ దశలో గొడ్డు తాగినట్టు తాగుతుంది. రెండో రోజు మధ్యాహ్నానికి బకెట్లు ఖాళీ. మెట్ల మీది నుంచి కేక వేసింది. ఒక్క బిందె మిషన్ నీళ్ళు తెచ్చి మెట్టు మీద పెట్టమంది. పుల్లమ్మ మోయలేదు. దినేష్ ఫోన్‌లో ఉన్నాడు. అశ్వత్థనారాయణ పడకకుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: "ఒక్క దినం బోరు నీళ్ళు పొయ్యి. చస్తాయా ఏమి?"

పోసింది. ఇంకేమీ లేక పోసింది. నాలుగో రోజు తలస్నానం చేసి ఆకులు తిప్పి చూస్తే అన్ని మొక్కలకూ కొసలు గోధుమరంగుకు తిరిగాయి. శరత్ చంద్ర పెట్టె తెరిచి చూసి మూత పెట్టేశాడు. "ఇది టేబుల్ మీద పెట్టలేనమ్మా. వచ్చే నెల ఒక్కసారి చూస్తా. అప్పుడూ ఇట్లే ఉంటే బెంగుళూరు నుంచి తెప్పించుకుంటా," అన్నాడు. ఆకంతా తెచ్చి సందులో మేకలకు వేసింది. అశ్వత్థనారాయణ గుమ్మంలో నిలబడి చూశాడు. "నీ కోసరమని మిషన్ కొనిచ్చినా. అయినా చంపుకున్నావు. చేతగాని పని ఎందుకు పెట్టుకుంటావు?" అన్నాడు. దినేష్ మిద్దె వైపు చూశాడు.

ఆ నెలంతా వాసవి ఆలోచించింది. గిన్నెలు తోముతూ, బకెట్టు మోస్తూ, కూర తరుగుతూ. నిజం చెబితే నీళ్ళు ఉంటాయి, గది ఉండదు. అబద్ధం నడిపిస్తే గది ఉంటుంది, నీళ్ళు ఉండవు. బతిమాలితే రెండూ ఉండవు. బతిమాలడం ఆమెకు బాగా తెలుసు. ఏడాది బతిమాలితే వచ్చిన మిషన్ తప్పు గోడ మీద ఉంది. ఇక మిగిలింది ఆ ఇంటి చట్టం. అది పుల్లమ్మ నోట్లో ఉంటుంది. ఇత్తడి అంటుపడితే చింతపండుతో తోమితే శుద్ధి. పట్టుబట్టకు అంటు లేదు. మట్టికుండ అయితే పారేయాలి. ప్లాస్టిక్‌కు శాస్త్రంలో మాట లేదు. అందుకని పుల్లమ్మ దాన్ని మట్టికుండ లెక్కలో వేసింది. పూర్వం ఒకసారి వాసవి కొంగు పొరపాటున తగిలిన నీళ్ళ డ్రమ్మును పక్కింట్లో గోడ కడుతున్న బేల్దార్లకు ఇచ్చేసింది. తోమడానికి వీలులేనిది ఇంట్లో ఉండకూడదు అంది.

మిషన్ అంతా ప్లాస్టిక్కే.

మళ్ళీ ఆ రోజులు వచ్చాయి. ఉదయం మెట్ల మీది నుంచి, "అత్తా, నేను దూరం," అంది. మరుసటి ఉదయం ఖాళీ బకెట్టు పట్టుకుని మెట్లు దిగింది. అశ్వత్థనారాయణ దేవుడి గదిలో ఉన్నాడు. దినేష్ టిఫిన్ తింటున్నాడు. పుల్లమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని బొరుగులతో ఉగ్గాని కలుపుతోంది. దిగుతున్న కోడల్ని చూసి మొదట ఆమెకు అర్థం కాలేదు. వాసవి నట్టింట్లోంచి నడిచింది. వంటింటి గడప దాటింది. మిషన్ మీద అరచెయ్యి మొత్తం ఆనించింది, కుంకుమ పెట్టిన చోటే. ఇంకో చేత్తో కొళాయి తిప్పి బకెట్టు కింద పెట్టింది.

నీళ్ళు సన్నగా పడసాగాయి.

"ఏమ్మే!" అని పుల్లమ్మ కేక పెట్టింది. "ఏమ్మే, మతి పోయిందా నీకు! పొయ్యి కాడికి వచ్చినావు! నారాయణా! రేయ్ నారాయణా!"

అశ్వత్థనారాయణ హారతి పళ్ళెంతోనే పరిగెత్తి వచ్చాడు. "ఎవతివే నువ్వు? ఇల్లు నాశనం చేయాలనుకున్నావా?" అన్నాడు. చెయ్యి లేచింది. లేచిన చెయ్యి ఆమె చెంపకు జానెడు దూరంలో ఆగింది. స్నానం చేసి ఉన్నాడు, మడిపంచ కట్టి ఉన్నాడు. వాసవి ఆ చేతిని చూసింది. కదల్లేదు. అతను చెయ్యి దించి, బండ మీద ఉన్న ఇత్తడి చెంబు తీసి విసిరాడు. విసిరిన చెంబు గుండా అంటు చేతికి పాకదు. అది ఆమె భుజం మీద తగిలి కిందపడి దొర్లింది. నొప్పి మోచేతి దాకా దిగింది. "మా, పైకి పో మా," అన్నాడు దినేష్. ఉగ్గాని కంచం అప్పటికే దూరంగా నెట్టేశాడు. బకెట్టు ఇంకా సగం కాలేదు. ఆ మిషన్ తొందరగా ఇవ్వదు. తిట్లు అయిపోయాయి, బకెట్టు అవలేదు. పుల్లమ్మ కోడలి వంశాన్ని, తన వంశాన్ని తలచుకుంది. అశ్వత్థనారాయణ వాసవి తండ్రిని తిట్టాడు, తల్లిని తిట్టాడు, ఆమె పుట్టిన జమ్మలమడుగును తిట్టాడు. తిట్టినవే మళ్ళీ తిట్టాడు. వాసవి నీళ్ళ వంక చూస్తూ నిలబడింది. నిండాక కొళాయి కట్టి, బకెట్టు కుడి చేతికి మార్చుకుని మెట్లెక్కింది.

ఇల్లంతా కడిగారు. పురోహితుణ్ణి పిలిచి నీళ్ళు చల్లించారు. పొయ్యి తోమారు, ఇత్తడి తోమారు. మిషన్ ఒక్కటి తోమడానికి రాలేదు. "పారేస్తే దుడ్లు పోయె గదా," అన్నాడు అశ్వత్థనారాయణ. "ఉంచుకుంటే దేవుడు పోయె," అంది పుల్లమ్మ. చివరికి దారి కూడా ఆమే చూపించింది. "దాని గది ఉండాది గదా. దాని మొహాన కొట్టు."

జహీర్ వచ్చి గోడ మీది నుంచి ఊడదీశాడు. "కొత్తదే గదా శెట్టీ, ఏమైంది?" అన్నాడు. "పైన పెట్టు," అన్నాడు అశ్వత్థనారాయణ. కింద వంటింటికి రాగిది, మెరిసేది కొన్నారు. జహీర్ మిద్దె గదిలోకి చెప్పులు విడిచి వచ్చి గోడకు రంధ్రం కొట్టాడు. వృథా నీళ్ళ గొట్టాన్ని స్నానాల గదిలోకి వదిలాడు. ట్యూబులైట్ల కింద పచ్చని అరలు చూసి, "ఓహో, దీనికా," అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట అన్నవాడు అతనొక్కడే.

తర్వాతి పదిహేను రోజులు మొగుడు ఆమెతో మాట్లాడలేదు. నాలుగో రోజు తలస్నానం అయ్యాక, ముట్టుకోవడానికి వీలైన మొదటి సాయంత్రం, ఆ రోజు ఆగిన దెబ్బ బాకీ చేత్తో తీర్చుకున్నాడు. వాసవికి ఆ సంగతి ముందే తెలుసు. తెలిసే దిగింది. ఆ నెల శరత్ చంద్ర ఆకును వెలుతురుకు పెట్టి చూసి, పెట్టెలన్నీ బండిలో ఎక్కించుకున్నాడు.

తర్వాతి నెల మళ్ళీ కేక వేసి పైన కూర్చుంది. ఆ మధ్యాహ్నం మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక మెట్టుకు ఒక ఆయాసం. అన్నం పెట్టే మెట్టు దగ్గర ఆగలేదు. పుల్లమ్మ గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. చేతిలో కంచం లేదు.

"నీకు ఆగిపోయి ఎన్నాళ్ళయింది?" అంది.

వాసవి లేచి నిలబడింది.

"చెప్పొద్దులే. ఆరేసే గుడ్డలు చూస్తే ఆడదానికి తెలీదా? ముట్టయినదాని మొహమా అది. పోయిన నెల వంటింట్లోకి వచ్చినప్పుడే అనుకున్నా. నిజంగా ఉండేది అయితే అంత ధైర్యం రాదు."

"తెలిసే ఊరుకున్నావా?"

"నేను అరవై దాటినా ఈ గదిలో కూర్చున్నాను. నీకు తెలుసునా?" పుల్లమ్మ గొంతులో సిగ్గు లేదు. "యాభైకే ఆగిపోయింది. మీ మామ చేతిలో నీకంటే ఎక్కువే తిన్నాలే. నేనూ ఈడనే దాక్కున్నా."

వాసవికి దినేష్ పసివాడుగా ఉన్న రోజులు గుర్తొచ్చాయి. జ్వరంతో కాలిపోతున్న పిల్లవాణ్ణి చంకన వేసుకుని, ఇంకో చేత్తో ఇంటిల్లిపాదికీ వండిన రోజులు. "అత్త బయటుంది, నువ్వే చూసుకోవాల," అన్నాడు మొగుడు. అత్త బయట లేదు. పైన కాళ్ళు చాపుకుని ఉంది. పదేళ్ళ పాటు నెలకు మూడు రోజులు ఆమె విశ్రాంతి వాసవి నడుం మీద నుంచి పోయింది. ఇప్పుడు వాసవి విశ్రాంతి? ఈ ముసలిదాని మోకాళ్ళ మీద నుంచి. పీట వేసుకుని పొయ్యి ముందు కూర్చునేది నిలబడలేకే. ఇద్దరూ ఒకరిది ఒకరు దొంగిలించుకున్నారు. కింద కంచాలు మాత్రం ఒక్క పూటా ఖాళీగా లేవు. ఆ కంచాల ముందు కూర్చున్నవాళ్ళకు ఏ ఆడది ఎప్పుడు మారిందో కూడా తెలియదు.

"నాకు ఈ మోకాళ్ళతో అయితాలేదు," అంది పుల్లమ్మ. "దిగి రా. ఎసరు పెట్టు. వాళ్ళు అంగడి నుంచి వచ్చే పొద్దయింది. రాకుంటే ఇయ్యాలే చెప్పేస్తా. గది వాడు తీసుకుంటాడు, నీ ఆకులు నువ్వు ఎండలో పెట్టుకో."

వాసవి రెండడుగులు ముందుకు వేసింది. గుమ్మం అవతల గోడను పట్టుకుని ఉన్న ఆ మణికట్టును పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. జాలితో కాదు. ఆ పదేళ్ళు ఆమె క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

"ముట్టుకున్నా," అంది. "ఇంక నువ్వూ పొయ్యి కాడికి పోగూడదు."

"ఇడువు! నీకు అంటు యాడుండాది?"

"ఉండాదని ఇంట్లో అందరికీ తెలుసు. పురోహితుడు కూడా వచ్చి నీళ్ళు చల్లిపోయినాడు. లేదని చెప్తావా? చెప్పు. మంచి మిషన్ ఎందుకు పైన ఎక్కించినావని అడుగుతారు. నీకు ఎప్పుడు ఆగిందో కూడా నేను చెప్తా."

పుల్లమ్మ చెయ్యి లాక్కోబోయింది. బలం చాలలేదు. "తలకు పోసుకుంటే పోతాది," అంది. మాట మెత్తబడింది.

"మూడు దినాలైనాక పోసుకుందువులే."

కింద వాకిలి తలుపు చప్పుడైంది. చెప్పులు విడిచారు. కాళ్ళు కడిగారు. పీటలు వాల్చుకున్న చప్పుడు. "మా, అన్నం పెట్టలేదేంది?" అని అశ్వత్థనారాయణ గొంతు. తర్వాత మెట్ల దగ్గరికి వచ్చాడు. అన్నం పెట్టే మెట్టు దాటి ఎప్పుడూ రాడు. అక్కడే ఆగి తల పైకెత్తాడు. తల్లి మణికట్టు పెళ్ళాం చేతిలో ఉండటం చూశాడు.

"ఏంది మా ఇది? ఎవురు వడ్డిస్తారు?"

పుల్లమ్మ కొడుకును చూసింది. చాలాసేపు చూసింది. గడప దాటి, గోడ పట్టుకుని, నెమ్మదిగా చాప మీద కూలబడి కాళ్ళు చాపుకుంది.

"మేమిద్దరమూ దూరం," అంది వాసవి. "బియ్యం డబ్బాలో ఉండాయి. నీళ్ళు మీ మిషన్‌లో ఉండాయి. వండుకోండి."